మానసిక చికిత్స మందులు, సంసారంలో ఇబ్బందులు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

ఎర్రగడ్డ ఆసుపత్రి ఓపీలో చూపించుకున్నా, జూబ్లీహిల్స్ క్లినిక్‌లో చూపించుకున్నా నిద్ర, ఆకలి గురించి డాక్టరు ఎలాగూ అడుగుతారు. సెక్స్ గురించి అడగొచ్చు, అడక్కపోవచ్చు. అడక్కపోతే మనమూ నోరు విప్పం. ఇంటికొచ్చి గుట్టుగా గోలీలు మానేస్తాం. అసలు నష్టం జరిగేది అక్కడే.

సమస్య: కోరిక ఉంది, కానీ ఎంతసేపైనా భావప్రాప్తి కలగడం లేదు

కారణం: ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్ లాంటి డిప్రెషన్, టెన్షన్ మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. టెన్షన్ తగ్గించేదీ, స్ఖలనాన్ని ఆలస్యం చేసేదీ అదే. శీఘ్రస్ఖలనానికి డాక్టర్లు ఈ రకం మందులే రాస్తారంటే వీటి ప్రభావం అర్థం చేసుకోవచ్చు. ఆడవాళ్లకూ ఇదే ఇబ్బంది వస్తుంది, చెప్పుకునేది మాత్రం ఇంకా తక్కువ.

పరిష్కారం: డాక్టరు డోసు తగ్గించవచ్చు, కొన్నాళ్లు ఆగి చూద్దామనవచ్చు, లేదా బుప్రోపియాన్, మిర్టాజపిన్ లాంటి వాటికి మార్చవచ్చు. వీటితో ఈ ఇబ్బంది తక్కువ. ఫిట్స్ వచ్చేవాళ్లకు బుప్రోపియాన్ పనికిరాదు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి.

సమస్య: అసలు కోరికే లేదు, లేదా అంగం గట్టిపడటం లేదు

కారణం: డిప్రెషన్ కూడా కోరికను చంపేస్తుంది. షుగరు, థైరాయిడ్, మద్యం అలవాటు, కొన్ని బీపీ మాత్రలు కూడా కారణం కావచ్చు. గోలీలు మొదలుపెట్టకముందు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. మొదలుపెట్టాకో, డోసు పెంచాకో వచ్చిందంటే మందును అనుమానించాలి.

పరిష్కారం: గోడల మీద 'గుప్త రోగాలు' పోస్టర్లలో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి. మెడికల్ షాపులో వయాగ్రా అడిగి తెచ్చుకోవడం ఇంకా ప్రమాదం. గుండెకు సార్బిట్రేట్ లాంటి మాత్ర వాడేవాళ్లకు అది తోడైతే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చూసి రాస్తే సంగతి వేరు.

సమస్య: పీరియడ్స్ ఆగాయి, రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయి

ఇంట్లోవాళ్లు 'విశేషమా?' అని ఆరా తీయడం మొదలుపెడతారు. ముందు ఆ టెస్టు చేయించుకోండి. అది కాదని తేలితే ప్రోలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) రక్తపరీక్ష గురించి డాక్టర్ని అడగండి. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ఈ హార్మోన్‌ను పెంచుతాయి. మగవాళ్లలోనూ దానివల్ల కోరిక తగ్గుతుంది, రొమ్ములు పెరగొచ్చు. మందు మార్చడమో, అరిపిప్రజోల్ కలపడమో డాక్టరు చూసుకుంటారు.

సమస్య: డాక్టరు ఎదుట నోరు రావడం లేదు

కారణం: పక్క కుర్చీలో అమ్మ, ఒళ్లో ఫైలు. 'ఎలా ఉంది బాబూ' అని డాక్టరు అడిగితే జవాబు కూడా ఆవిడే చెప్పేస్తుంది. ఈ పరిస్థితిలో ఎవరికి మాత్రం నోరొస్తుంది?

పరిష్కారం: 'సార్, రెండు నిమిషాలు ఒక్కడినే మాట్లాడాలి' అనండి. డాక్టర్లకు ఇది మామూలే. అదీ కష్టమైతే ముందే చీటీ రాసుకెళ్లండి: 'ఈ గోలీలు మొదలుపెట్టాక సంసారంలో ఇబ్బందిగా ఉంది. గట్టిపడటం లేదు. ఫలానా నెల నుంచి.' ఫైలులో పైన పెట్టి ఇస్తే చాలు, వివరాలు వాళ్లే అడుగుతారు. ఆడవాళ్లు లేడీ డాక్టరు కావాలని అడగొచ్చు. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

ఇంట్లో కూడా ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే భార్య 'నామీద ఇష్టం పోయిందేమో' అనుకుంటుంది, భర్త అయితే ఇంకేదో అనుమానపడతాడు. 'ఇది మందు వల్ల కావచ్చు, డాక్టర్ని అడుగుతున్నాను' అంటే సగం గొడవ తగ్గుతుంది.

సమస్య: ఇప్పటికే మానేశాను, తల తిరుగుతోంది, తలలో కరెంటు కొట్టినట్టుంది

ఉన్నట్టుండి ఆపితే ఇలా అవుతుంది, పాత జబ్బూ తిరగబెట్టవచ్చు. ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు.

సమస్య: అంగస్తంభన 4 గంటలైనా తగ్గడం లేదు

ట్రాజోడోన్‌తో, అరుదుగా మరికొన్ని మందులతో ఇలా జరుగుతుంది. ఆలస్యమైతే శాశ్వతంగా దెబ్బతింటుంది. తెల్లారాక ఓపీకి వెళ్దాంలే అనుకోకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి, వేసుకున్న గోలీల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.