దొంగ ఫోన్‌కు గిరాకీ లేకుండా చేయడం ఎలా

నల్లగొండ ప్రకాశం బజార్‌లో నాది సెల్‌ఫోన్ రిపేర్ షాపు. డిస్‌ప్లేలు, బ్యాటరీలు, చార్జింగ్ పిన్నులు మార్చడం రోజూ ఉండే పని. మధ్యమధ్యలో ఎవరో ఒకరు వచ్చి "అన్నా, ఫోన్ కొట్టేసిండ్రు, ఇప్పుడేం చేయాలె" అని అడుగుతారు. ఇంకెవరో లాక్ పడిన ఫోన్ తెచ్చి "జర ఇది తీసిపెట్టు, ఎంతైనా ఇస్తా" అంటారు. ఇద్దరినీ చూస్తున్న నాకు తోచిందేమిటంటే, జేబులోంచి పోయే క్షణంలో ఫోన్‌ను ఆపడం కష్టం, అమ్ముడుపోయే చోట ఆపడం తేలిక.

జేబు సంగతి ముందు చెప్పేస్తాను, అందులో ఎక్కువ చెప్పేదేం లేదు. బస్టాండ్‌లో బస్సు ఆగీ ఆగకముందే తలుపు దగ్గర ఎగబడతాం చూడండి, నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఆ అర నిమిషం గురించే. సీటు మీద కర్చీఫ్ వేయడం మీదున్న ధ్యాస చొక్కా పైజేబు మీద ఉండదు. ఎక్కే ముందే ఫోన్‌ను జిప్పు సంచిలో వేసి, సంచిని పొట్ట మీదికి తిప్పుకోండి. అమావాస్యకు చెర్వుగట్టు గుడికి పోయి రాత్రి నిద్ర చేసేవాళ్లు ఫోన్ తల కింద పెట్టుకోవద్దు, నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకోండి. ఆసుపత్రిలో రోగి వెంట ఉన్నవాళ్లు గోడ ప్లగ్గుకు ఫోన్ పెట్టి కునుకు తీయొద్దు.

అసలు పని ఫోన్ చేతిలో ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని చేసేది. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, వస్తుంది. రెండు సిమ్ముల ఫోన్‌కు రెండు నంబర్లుంటాయి, రెండూ ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. బిల్లును ఫొటో తీసి అదే ఫోన్‌లో దాచుకునేవాళ్లను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంట్లో ఇంకొకరికి వాట్సాప్ చేయండి.

తర్వాత సిమ్ పిన్, అంటే సిమ్‌కే వేసే తాళం. దీన్ని దాదాపు ఎవరూ పెట్టుకోరు. ఫోన్‌కు ఎంత గట్టి లాక్ ఉన్నా, దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే మీ ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. సిమ్‌కు పిన్ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అయితే పిన్ పెట్టేటప్పుడు కంపెనీ ఇచ్చిన పాత పిన్ అడుగుతుంది. అది కస్టమర్ కేర్‌లో కనుక్కోకుండా ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అయి, దాన్ని మళ్లీ తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా కూడా పెట్టుకోండి. లేకపోతే లాక్ తీయకుండానే ఓటీపీ చదువుకోవచ్చు.

ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి వెర్షన్లకు గూగుల్ 2024లో దొంగతనం పసిగట్టే లాక్ తెచ్చింది. చేతిలోంచి లాక్కుని పరుగెత్తినా, బండి మీద పోయినా ఆ కుదుపును గుర్తుపట్టి స్క్రీన్ లాక్ చేస్తుంది. సెట్టింగ్స్‌లో 'థెఫ్ట్' అని వెతికితే దొరుకుతుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 17.3 వెర్షన్ నుంచి, దొంగ చేతిలో పడ్డా ముఖ్యమైన సెట్టింగులు మార్చకుండా అడ్డుకునే స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఉంది.

ఇవన్నీ ఉన్నా మన దగ్గర ఒక పెద్ద చిక్కుంది. అమ్మకో తాతకో ఫోన్ కొన్నప్పుడు షాపు పిల్లగాడే ఏదో ఒక జీమెయిల్ తయారుచేసి పెట్టేస్తాడు. ఆ మెయిల్ ఏంటో ఇంట్లో తెలియదు, పాస్‌వర్డ్ వాడికే గుర్తుండదు. ఫోన్ పోయిన రోజు దూరం నుంచి లాక్ చేద్దామంటే ముందు అడిగేది ఆ రెండే. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లన్నీ ఒకసారి తీసి, ఏ మెయిల్ ఉందో చూసి, పాస్‌వర్డ్ మార్చి రాసిపెట్టండి. ఫోన్లు అమ్మేవాళ్లకూ చెబుతున్నా, మెయిల్, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి బిల్లుతో పాటు ఇవ్వకపోతే మీరు ఫోన్ సగమే అమ్మినట్టు.

పోయిందని తెలియగానే పక్కవాళ్ల ఫోన్‌లోంచి మీ మెయిల్, పాస్‌వర్డ్‌తో గూగుల్‌లోకి వెళ్లి లాక్ చేయండి. సిమ్ ఆపించండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఆ తర్వాత పోలీస్ స్టేషన్. హైదరాబాద్ నుంచి వస్తూ చౌటుప్పల్ దగ్గర పోయిందో నార్కట్‌పల్లి దగ్గర పోయిందో తెలియకపోయినా ఫర్వాలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత చట్టం 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దొంగిలించారని అనుమానముంటే 'పోగొట్టుకున్నాను' అని రాయకండి, దొంగతనమనే రాయండి. ఫిర్యాదు కాపీతో, పోయిన ఫోన్లను ఆపే ప్రభుత్వ వెబ్‌సైటు సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించాలి. 2023 మే నుంచి ఇది దేశమంతా ఉంది. ఇందులో ఓటీపీ కావాలి, కానీ డూప్లికేట్ సిమ్‌కు ఎస్సెమ్మెస్‌లు మొదలయ్యేసరికి 24 గంటలు పడుతుంది. ఓటీపీ రాలేదని టెన్షన్ పడకండి. బ్లాక్ అయిన ఫోన్‌లో ఎవరైనా సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. ఈలోగా 'మీ ఫోన్ దొరికింది' అని ఏదైనా లింక్ వస్తే ముట్టుకోకండి. పాస్‌వర్డ్ కోసం దొంగలు వేసే గాలం అది.

ఇక బాధ్యత ఎవరిది? జాగ్రత్తగా ఉండాల్సింది నువ్వే అని ఫోన్ పోయినవాడినే తిట్టడం నాకు నచ్చదు. కంపెనీలకు చాలా చేతనవుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2014లో చట్టం చేసి, మరుసటి ఏడు జులై నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్లలో దూరం నుంచి పనిచేయకుండా చేసే ఏర్పాటు ఉండాల్సిందేనంది. మన ప్రభుత్వమూ 2017 నుంచి కొత్త ఫోన్లలో ప్యానిక్ బటన్ తప్పనిసరి చేసింది. దొంగతనం లాక్‌ను పెట్టెలోంచి తీసినప్పుడే ఆన్‌లో ఉంచమని అలాగే ఎందుకు చెప్పకూడదు? విడిభాగాల సంగతి ఇంకోటి. ఫోన్ బ్లాక్ అయినా డిస్‌ప్లే, కెమెరా ఊడదీసి అమ్ముకుంటారు. ఆపిల్ ఐఓఎస్ 18లో విడిభాగాలకూ లాక్ పెట్టింది, మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాలి.

కానీ కంపెనీల కంటే ముందు నా లాంటి షాపులవాళ్లు, తక్కువకు వస్తుందని కొనేవాళ్లు. లాక్ పడిన ఫోన్ తెచ్చి "మా అక్కది, ప్యాటర్న్ మర్చిపోయింది" అంటే నేను ఒకటే అంటాను: "అక్కకు ఫోన్ కలుపు." నిజమైనవాడు వెంటనే కలుపుతాడు. మిగతావాళ్లకు అప్పుడే ఏదో పని గుర్తొస్తుంది. బిల్లు, ఆధార్ జిరాక్స్ లేకుండా నేను పాత ఫోన్ కొనను, లాక్ తీయను. ఐఎంఈఐ మార్చమని అడిగేవాళ్లూ ఉన్నారు. 2023 టెలికాం చట్టం కింద దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. దొంగ సొత్తని తెలిసీ కొన్నవాడికి భారతీయ న్యాయ సంహిత చట్టం 317వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు.

పాత ఫోన్ కొనేటప్పుడు డబ్బులు చేతిలో పెట్టకముందే కేవైఎం (KYM) అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబర్ రాసి 14422కు మెసేజ్ చేయండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో జవాబు వస్తే బేరం అక్కడే ఆపేయండి.