క్రీడాకారులకు ఆతిథ్యం ఇచ్చే ఇంట్లో పథ్యం మొదలుపెట్టేవారికి జాగ్రత్తలు

అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ క్రీడా గ్రామం ఉన్నందువల్ల, పోటీలకో శిక్షణకో వచ్చే క్రీడాకారులు ఊళ్లోని బంధువుల ఇళ్లలో రెండు మూడు రోజులు దిగడం మామూలే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. సరిగ్గా అతిథులు దిగే రోజుల్లోనే ఇంట్లో ఒకరు క్యాలరీలు లెక్కవేసుకుని తినడం మొదలుపెట్టి ఉండి, వచ్చేవారి ప్రయాణం గంటల తరబడి ఆలస్యమైతే, ఇద్దరికీ ఇబ్బంది తప్పదు. నిరుడు హాకీ ఆడే మా చెల్లెలి కూతురు సాయంత్రం నాలుగింటికి రావలసింది, రాత్రి ఒంటిగంటకు వచ్చింది. కలిసి తిందామని మధ్యాహ్నం నుంచి ఏమీ ముట్టకుండా కూర్చున్న నాకు తలుపు తీసేసరికి చేతులు వణుకుతున్నాయి. పళ్లెం ముందు కూర్చున్న పిల్ల, "పెద్దమ్మా, నువ్వు తినకుంటే నాకొక్కదానికే ఎట్ల దిగుతుంది?" అని అడిగింది. ఆ అర్ధరాత్రి నెయ్యి వేసిన ఓళిగలు (బొబ్బట్లు) ఎన్ని తిన్నానో నాకే లెక్క లేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త ఆకలితో ఎదురుచూడకపోవడం. అతిథి ఎప్పుడు వచ్చినా మీ భోజనం మీ వేళకే ముగించండి. ఆ రోజు లెక్కలోంచి ఒక గ్లాసు పలుచని మజ్జిగకూ ఒక పండుకూ చోటు మిగిల్చుకుంటే, అతిథి తినేటప్పుడు పక్కన కూర్చోవడానికి అవి చాలు. పథ్యంలో ఉన్నామని ముందే ఫోన్లో చెప్పేస్తే బలవంతాలు ఉండవు, చిన్నబుచ్చుకోవడాలూ ఉండవు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు భోజన వేళ తప్పితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు డాక్టరును అడగకుండా పథ్యం మొదలుపెట్టనేకూడదు. అతిథి రెండు మూడు రోజులే ఉంటారనుకుంటే, పథ్యాన్ని వారు వెళ్లాక మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

రెండు పళ్లేల అవసరాలు ఒకటి కావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 55 కిలోల స్త్రీకి, శ్రమ తక్కువైతే రోజుకు 1660 క్యాలరీలు, శ్రమ బాగా ఎక్కువైతే 2720 క్యాలరీలు కావాలి. బరువు తగ్గాలనుకునేవారు వారానికి అర కిలో తగ్గితే చాలనీ, తిండి రోజుకు 1000 క్యాలరీల కన్నా తక్కువ కాకూడదనీ ఆ సంస్థే చెబుతోంది. అందువల్ల మీ కొలత గిన్నెతో అతిథికి వడ్డించకండి, అతిథి కోసం చేసిన వంటతో మీ పళ్లెం నింపుకోకండి. కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ వంటి ఆటలవారు బరువు విభాగం కోసం తామే తిండి తగ్గించుకుని ఉండవచ్చు గనుక, వడ్డించే ముందు అడిగి తెలుసుకోవడం మర్యాద.

మన వంటలో లెక్క తప్పేది ఎక్కువగా నూనె దగ్గర. ఒక పెద్ద చెంచా చెనక్కాయ నూనెలో దాదాపు 120 క్యాలరీలు ఉంటాయి. సీసాతో నేరుగా బాణలిలో వంపితే అలాంటివి మూడు నాలుగు తెలియకుండానే పడతాయి. వేయించిన చెనక్కాయలు గుప్పెడు, అంటే 30 గ్రాములు, తింటే 170 క్యాలరీలకు తక్కువ కాదు. సంగటి తింటే బరువు పెరగరన్న నమ్మకమూ సరికాదు, ఎందుకంటే రాగిపిండికీ బియ్యానికీ క్యాలరీలలో పెద్ద తేడా లేదు. సంగటి ముద్దనూ అన్నంలాగే కొలవాలి.

ఆలస్యం వల్ల వచ్చే అసలు ప్రమాదం నిలవ అన్నం. నాలుగింటికి వండిన అన్నం మన ఎండల్లో ఒంటిగంట దాకా బయటే ఉంటే అందులో పెరిగే బాక్టీరియా విడుదల చేసే విషం తిరిగి వేడిచేసినా పోదు, మరునాడు ఆడవలసిన మనిషికి వాంతులు పట్టుకుంటే నెలల సాధన వృథా అవుతుంది. బియ్యం కడిగి, పప్పు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుని, బెంగళూరు వైపు నుంచి వచ్చేవారు పెనుకొండ దాటామని ఫోన్ చేశాక కుక్కర్ పెట్టినా సమయం సరిపోతుంది. దిగగానే ముందు నీళ్లు, తరువాత అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు ఇవ్వండి. అలవాటు లేనివారికి ఆ వేళ ఉగ్గాని బజ్జీ గానీ కారం పులుసు గానీ పెట్టకండి.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కుర్మాలోనూ నాటుకోడి పులుసులోనూ నూరి వేసే గసగసాల్లో కొద్దిగా మార్ఫిన్ ఉండవచ్చు. పోటీ సమయంలో అది నిషిద్ధ పదార్థం కనుక, పోటీ ముగిసేదాకా గసగసాలు వాడకండి. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీ వేళ మోతాదు మించితే నిషిద్ధమే. మీరు వాడే బరువు తగ్గించే పొడిని మంచిదే కదా అని అతిథి మజ్జిగలో కలపకండి. అలాంటి కొన్ని పొడుల్లో పేరు రాయకుండా సిబుట్రమైన్ అనే ఆకలి తగ్గించే మందు కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. 2011 నుంచి మన దేశంలో అమ్మకానికి వీల్లేని ఆ మందు మీకూ మంచిది కాదు. ఏ మందైనా సరే, నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో క్రీడాకారులే చూసుకుని వేసుకోవాలి.

అతిథి వెళ్లిన మరునాడే బరువు చూసుకోకండి. రాత్రి పొద్దుపోయి తిన్న ఉప్పు, అన్నం వల్ల ఒంట్లో నీరు నిలిచి ముల్లు ఒక కిలో ఎక్కువ చూపవచ్చు. నాలుగు రోజులు మామూలు పథ్యం నడిపాక, ఉదయం పరగడుపున చూసుకోండి.