అమ్మమ్మ ఇంటికి గ్యాస్ పొయ్యి ఏ ఏడు వచ్చింది? అడిగి రాసుకునే పద్ధతి

కట్టెల పొయ్యి ఊది వంట నేర్చుకున్నావిడే ఇవాళ వీడియో కాల్‌లో మనవరాలికి పప్పుచారు పాళ్ళు చెబుతోంది. మధ్యలో కిరసనాయిలు స్టవ్వు, గ్యాసు, మిక్సీ, ఫ్రిజ్, టీవీ, ఎస్టీడీ బూత్, సెల్లు, ఇప్పుడు ఫోన్‌పే. ఇంత మార్పు ఒక్క మనిషి కళ్ళముందే జరిగిపోయింది, కానీ మన ఇళ్ళల్లో ఎవరూ ఒక్క ముక్క రాసి పెట్టుకోలేదు. ఆ మనిషి ఇంకా ఇంట్లో ఉంటే మీరు అదృష్టవంతులు, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

ముందు ఒక మాట. "అమ్మమ్మా, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని మాత్రం అడక్కండి. ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది, కష్టాలు పడ్డాం, అయినా ఆ రుచులు ఇప్పుడెక్కడివి అని, అక్కడితో సరి. రోజుల గురించి కాదు, వస్తువు గురించి అడగాలి, అదీ ఒక్కో పూట ఒక్కో వస్తువు. గ్యాసే తీసుకోండి. కనెక్షన్ ఎవరి పేరు మీద వచ్చింది, రాసి పెట్టాక ఎన్నాళ్ళకి ఇచ్చారు (ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు, ఎంపీ కోటాలో తెచ్చుకున్నవాళ్ళు బోలెడుమంది), డబ్బు ఎక్కడిది, చిట్టీ పాడారా, ధాన్యం అమ్మారా, ఇంట్లో ఎవరు వద్దన్నారు, సిలిండర్ పేలుతుందని ఎవరు భయపడ్డారు, మొదటి రోజు దాని మీద ఏం వండారు, పాత పొయ్యి ఏమైంది. ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. పాత పొయ్యి వెంటనే పోదు, నీళ్ళు కాచుకోవడానికి పెరట్లోకి వెళ్తుంది, అక్కడ ఇంకో పదేళ్ళు బతుకుతుంది. మిక్సీ వచ్చాక రోలు సంగతీ అంతే. గోంగూర పచ్చడికి రోలే కావాలని పట్టుబట్టే తాతయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు, ఆ రోలు దగ్గర కూర్చుని నూరేది మాత్రం ఆయన కాదు. కాబట్టి ఏ వస్తువు గురించైనా "ఈ పని అంతకుముందు ఎవరు చేసేవారు, వచ్చాక ఎవరు చేశారు?" అని తప్పకుండా అడగండి. అసలు విషయం అక్కడే బయటపడుతుంది.

మాటల్లో చెప్పలేకపోతే చేసి చూపించమనండి. కిరసనాయిలు గాలి స్టవ్వు ఎలా వెలిగించేవారంటే "ఆ, పంపు కొట్టేవాళ్ళం" అంటారు, అంతే. ఖాళీ చేతులతోనే చూపించమంటే వరసగా వస్తుంది: బర్నర్ చుట్టూ ఉన్న గిన్నెలో కాస్త కిరసనాయిలో స్పిరిటో పోసి అంటించడం, బర్నర్ బాగా వేడెక్కేదాకా ఆగడం, గాలి పోయే మర బిగించి పంపు కొట్టడం, గుయ్యిమని నీలం మంట అందుకోవడం, సన్న రంధ్రం పూడిపోతే పిన్ను పెట్టి పొడవడం, ఆర్పాలంటే మర వదులు చేస్తే ఉస్సుమని గాలి పోవడం. ఇది వీడియో తీయండి, రాస్తే సగం పోతుంది.

ఇక సంవత్సరాలు. పెద్దవాళ్ళకి ఏడు గుర్తుండదు, ఏ సందర్భమో గుర్తుంటుంది. "టీవీ ఎప్పుడు కొన్నారు?" అంటే తెలియదంటారు, "చిన్న మామయ్య పుట్టాడా అప్పటికి?" అంటే టక్కున చెబుతారు. అందుకని ముందే ఒక కాగితం మీద పిల్లల పుట్టిన ఏళ్ళు, పెళ్ళిళ్ళు, ఇల్లు మారిన ఏళ్ళు రాసుకుని కూర్చోండి. దానికి ఊరందరికీ తెలిసిన గుర్తులు కొన్ని కలపండి. 1969 తెలంగాణ ఉద్యమం, 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1983లో ఎన్టీఆర్ గెలుపు, అదే ఏడు వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం, 2016 నవంబరు నోట్ల రద్దు. అన్నిటికన్నా బాగా పనికొచ్చేవి పుష్కరాలు: గోదావరికి 1991, 2003, 2015, కృష్ణకి 1992, 2004, 2016, ఇంకా వెనక్కి వెళ్ళాలంటే పన్నెండేసి తీసేసుకుంటూ పోవడమే. "కృష్ణా పుష్కరాలకి చుట్టాలొచ్చినప్పుడు ఫ్రిజ్ ఉందా?" అని అడిగి చూడండి, ఉంటే చల్లటి నీళ్ళ కోసం ఎవరు ఎన్నిసార్లు తలుపు తీశారో కూడా చెబుతారు.

టీవీకి వేరే లెక్క ఉంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది, రంగుల ప్రసారాలు 1982లో, ఆదివారం పొద్దున రామాయణం 1987లో మొదలైంది. ఎవరింట్లో కూర్చుని చూశారో చెబితే చాలు, మీ ఇంటికి అప్పటికి టీవీ రాలేదని తేలిపోతుంది. ఏ కంపెనీదో అడగండి. ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ, ఆల్విన్ ఫ్రిజ్, రెండూ మన హైదరాబాద్ కంపెనీలవే అని ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. గ్యాస్ విషయంలో ఊళ్ళవాళ్ళకి ఇంకో గుర్తు, ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం. డ్వాక్రా సంఘంలో ఉన్న అమ్మమ్మ అయితే దాని గురించి అరగంట చెబుతుంది.

నోటిమాటనే నమ్ముకోనక్కర్లేదు, తేదీలున్న సామాను ఇంట్లోనే ఉంటుంది. గ్యాస్ బుక్కు, పాత రేషన్ కార్డు, వారంటీ కార్డులు సరే, నా మటుకు నాకు అన్నిటికన్నా నమ్మకమైనవి స్టీలు గిన్నెలు. అటక మీది డబ్బా దింపి అంచు చూడండి. కొట్టువాడు మిషన్‌తో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు, పక్కన తేదీ ఉంటాయి, పెళ్ళిలో చదివించినవైతే ఇచ్చినవాళ్ళ పేరూ ఉంటుంది. ఎప్పుడు ఇత్తడి బిందెలు పోయి స్టీలు వచ్చిందో ఆ అంచులే చెబుతాయి. పెళ్ళి ఆల్బమ్‌లో మనుషుల వెనకాల కూడా చూడండి, గోడ మీద రేడియో, టేబుల్ ఫ్యాను, ట్యూబ్‌లైటు ఉన్నాయా అని.

ధరల దగ్గర కాస్త జాగ్రత్త. "అప్పట్లో బియ్యం రూపాయే" అని అనగానే అబ్బో అనేసి రాసేసుకోవద్దు, అప్పుడు తాతయ్య జీతమెంత, లేదా రోజు కూలి ఎంత అని పక్కనే అడిగి రాయండి. రెండూ లేకపోతే ఆ ధరకి అర్థం లేదు. అణాలు, బేడలు వస్తే అలాగే ఉంచండి (బేడంటే రెండణాలు, రూపాయికి పదహారణాలు), ఎందుకంటే 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక కూడా జనం చాలాకాలం పాత లెక్కలోనే మాట్లాడారు. కొలతలూ అంతే. వీశ వంకాయలంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. సోల, తవ్వ, మానిక మాత్రం ఊరిని బట్టి కాస్త మారతాయి కాబట్టి, ఇంట్లో పాత మానిక ఉంటే దాన్నిండా బియ్యం పోసి కాటా మీద తూచి ఆ అంకె పక్కన రాయండి.

కొనుగోళ్ళ గురించైతే బజారు మొత్తం ఒకసారి నడిపించమనండి. ఇంట్లోంచి సంచీ, నూనె సీసా పట్టుకుని బయల్దేరితే ముందు ఎవరి కొట్టు, సరుకుల చిట్టీ ఎవరు రాసేవారు, చక్కెర పొట్లం పురికొసతో ఎలా కట్టేవాడు, ఖాతా నెలకోసారి తీర్చేవాళ్ళా, పంట చేతికొచ్చాకా, ఏది సంతలోనే కొనేవారు, కూరగాయలకి కొసరు ఏం వేసేవాడు. చింతపండు, కందులు, మిరపకాయలు ఏడాదికి సరిపడా ఒకేసారి కొన్నారంటే ఎండబెట్టి దాచే పని ఎన్ని రోజులు పట్టేదో, పురుగు పట్టకుండా ఏం చేసేవారో కూడా అడగండి. పది నిమిషాల్లో గుమ్మం ముందు సరుకు దిగే కాలంలో పుట్టిన పిల్లలకి ఈ భాగమే ఎక్కువ నచ్చుతుంది.

రికార్డింగ్‌కి పెద్ద ఏర్పాట్లేం వద్దు. చిక్కుడుకాయలు ఈనెలు తీసేటప్పుడు మీరూ నాలుగు తీస్తూ పక్కన కూర్చోండి, ఫోన్ దూరంగా బోర్లా పెట్టండి, ఫ్యాన్ మాత్రం ఆపేయండి, లేకపోతే గాలి చప్పుడే వినిపిస్తుంది. ముందు ఒక్కరితోనే మాట్లాడండి. మామయ్యలూ పిన్నులూ మధ్యలో దూరితే "అప్పుడు కాదమ్మా" అని ఆవిడ నోరు మూయిస్తారు. ఆవిడ చెప్పడం పూర్తయ్యాక అందరినీ పిలిచి వినిపించండి, అప్పుడు జరిగే గొడవలో ఏళ్ళు సరిగ్గా తేలతాయి. తేలకపోతే ఎవరి మాట వాళ్ళ పేరుతో రాసేయండి.

ఇవాళ్టి సంగతి వదిలేయొద్దు. ఆవిడ మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపిందెవరికి, ఓటీపీ అడిగితే ఎవరికీ చెప్పొద్దని ఎవరు నేర్పారు, కొట్టులో డబ్బా "డబ్బులు అందాయి" అని అరిచేదాకా ఎందుకు కదలదు, ఇవీ రాయండి. ఈ నెల సరుకుల బిల్లుకి ఇవాళే ఫోటో తీసుకోండి, ఆ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి. యాప్‌లో ఆర్డరైతే స్క్రీన్‌షాట్ చాలు. ఫైలు పేరులో మనిషి, వస్తువు, తేదీ పెట్టి, ఇంట్లో కనీసం ముగ్గురి దగ్గర ఉండేలా పంపండి, ఫ్యామిలీ గ్రూపులో మాత్రమే పడేస్తే పండక్కి వచ్చే గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద మళ్ళీ దొరకదు.