క్లోమ నాళం కొలిచేటప్పుడు: తలలో ఎంత, నడుములో ఎంత, తోకలో ఎంత

రిపోర్టులో "క్లోమ (పాంక్రియాస్) నాళం 3 మి.మీ." అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చదివే డాక్టరుకు ఏమీ తెలియదు. ఆ 3 మి.మీ. క్లోమం తలలో అయితే మామూలే. తోకలో అయితే కారణం వెతకాలి. కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఈయూఎస్: నోటి గుండా దింపిన స్కోపుతో లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్) కొత్తగా పట్టుకుంటున్న డాక్టర్ల కోసం, పక్కన నిలబడి ఫ్రీజ్ (బొమ్మను ఆపడం), కాలిపర్ (తెర మీద కొలిచే గుర్తులు) చూసుకునే టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాం.

ముందు ఆకారం. 1642లో పాడువాలో వీర్సుంగ్ గుర్తించిన ప్రధాన నాళం తోక నుంచి తల దాకా క్లోమం పొడవునా సాగుతుంది. తలలో కిందికి వంగి, పైత్యరస నాళంతో కలిసి ఆంత్రమూలంలోని (చిన్నపేగు మొదటి భాగం) పాపిల్లా అనే చిన్న బుడిపె దగ్గర తెరుచుకుంటుంది. పైన శాంటోరిని నాళం అనే రెండో నాళం చిన్న పాపిల్లాకు పోతుంది. కొందరిలో ఈ రెండూ పుట్టుకతోనే కలవవు. అదే పాంక్రియాస్ డివైజమ్.

డెల్టాలో పెరిగినవాళ్ళకు దీన్ని చూడగానే ధవళేశ్వరం కింద పంట కాలువ గుర్తొస్తుంది: తలలో వెడల్పు, శివారుకు పోనుపోను సన్నం. వెడల్పు వరకు ఆ పోలిక సరే, పారకం మాత్రం ఎదురు. క్లోమరసం తోకలో పుట్టి తల వైపు వస్తుంది. అందుకని మురుగు కాలువను తలచుకోండి. బోదెలు వచ్చి కలిసే కొద్దీ డ్రెయిన్ వెడల్పయినట్టే, పక్క నాళాలు కలిసే కొద్దీ ఇదీ వెడల్పవుతుంది. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళు ఎగువన నిలుస్తాయి. ఇక్కడా అంతే, ఉబ్బేది అడ్డుకు తోక వైపు భాగమే.

పెద్దవాళ్ళలో గుర్తుపెట్టుకోవలసిన కొలతలు తలలో 3 మి.మీ., నడుములో, అంటే బాడీలో 2, తోకలో 1. ఇవి సుమారు లెక్కలు. దీర్ఘకాలిక క్లోమశోథను (క్లోమం వాపు) ఈయూఎస్‌తో గుర్తించడానికి వాడే రోజ్‌మాంట్ ప్రమాణాల్లో బాడీలో 3.5 మి.మీ., తోకలో 1.5 మి.మీ. చేరితేనే నాళం వెడల్పయినట్టు లెక్క. వయసు మీదపడే కొద్దీ నాళం కాస్త వెడల్పవుతుంది కాబట్టి డెబ్భై ఏళ్ళ మనిషి నాళాన్ని పాతికేళ్ళ కుర్రాడి కొలతతో తూచకూడదు.

పేషెంటు విషయంలో ఒక్క మాట. ఘనాహారం తిని ఆరు గంటలు దాటాలి. పాలు పోసిన కాఫీ, టీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కోనసీమ నుంచి తెల్లవారుజామున బస్సెక్కేవాళ్ళకు ఇది ముందు రోజే తెలుగులో చెప్పాలి. కొబ్బరినీళ్ళు తాగవచ్చా అని అడిగితే మత్తు డాక్టరు చెప్పిందే ఖాయం.

లీనియర్ స్కోప్ (స్కోపు పొడవునా ఒకే తలంలో బొమ్మ చూపే ఈయూఎస్ స్కోపు) అయితే కడుపులోకి దిగీదిగగానే బృహద్ధమనిని పట్టుకోండి. దాన్నే పట్టుకుని కిందికి దిగితే దాని కొమ్మలైన సీలియాక్ ధమని, ఆ వెంటనే ఎస్ఎంఏ (సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ) వస్తాయి. కొంచెం ముందుకు తోస్తే క్లోమం నడుము, దాని వెనక స్ప్లీనిక్ వెయిన్ (ప్లీహం నుంచి వచ్చే సిర) కనిపిస్తాయి. మనకు కావలసిన నాళం ఆ సిరకూ స్కోపుకూ మధ్య, గ్రంథి లోపల సన్నటి నల్ల గీతలా ఉంటుంది. స్కోపును కుడికి, అంటే గడియారం ముల్లు తిరిగే వైపుకు, మెల్లగా తిప్పుతూ వెనక్కి తీస్తే ఎడమ కిడ్నీ మీదుగా తోక దాకా పోతారు. ఎడమకు తిప్పితే మెడ, పోర్టల్ సంగమం (స్ప్లీనిక్ వెయిన్ వెళ్ళి పోర్టల్ వెయిన్‌గా మారే చోటు) వస్తాయి. తలను మాత్రం ఆంత్రమూలంలోకి దిగే చూడాలి. ఆంత్రమూలం మొదటి భాగమైన బల్బ్ నుంచి పైత్యరస నాళం, క్లోమ నాళం పక్కపక్కన సాగుతూ కనిపిస్తాయి. ఆంత్రమూలం రెండో భాగం నుంచి అయితే పాపిల్లా దగ్గర మొదలుపెట్టి మెల్లగా వెనక్కి లాగుతూ రావాలి.

కొలిచే ముందు కలర్ డాప్లర్ (రక్తం పారకాన్ని రంగులో చూపేది) వేయండి. రంగు వస్తే అది రక్తనాళం. కొత్తవాళ్ళు స్ప్లీనిక్ ఆర్టరీని నాళమనుకుని కొలిచేస్తుంటారు. డెప్త్ (తెర మీద కనిపించే లోతు) 4–5 సెం.మీ.కు తగ్గించి బొమ్మ పెద్దది చేయండి. 9 సెం.మీ. డెప్త్‌లో 1 మి.మీ. నాళానికి కాలిపర్ పెట్టడం ఊహతో చేసే పనే. గెయిన్ (బొమ్మ వెలుతురు) ఎక్కువైతే లోపలి నలుపు బూడిద రంగుకు తిరిగి నాళం ఉన్నదానికన్నా సన్నగా కనిపిస్తుంది. కాలిపర్ లోపలి గోడ అంచు నుంచి ఎదుటి లోపలి గోడ అంచుకే పెట్టాలి, గోడల తెల్ల గీతలను కొలతలో కలపకూడదు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది కోణం. కాలిపర్ గీత నాళానికి లంబంగా కాక 45 డిగ్రీలు వాలితే 2 మి.మీ. నాళం 2.8 అయి కూర్చుంటుంది. 60 డిగ్రీలు వాలితే ఏకంగా 4. తల నుంచి మెడకు తిరిగే మలుపులో నాళం తెర నుంచి పక్కకు తప్పుకుంటుంది, సగం లేనిపోని కొలతలు అక్కడే పుడతాయి. మలుపును వదిలేసి, దానికి అటూ ఇటూ తిన్నగా ఉన్న చోట కొలవండి. ఫ్రీజ్ చేసి మూడుసార్లు కొలిస్తే అంకెలు దగ్గరగా రావాలి. రాలేదంటే బొమ్మే సరిగ్గా లేదు.

ఈఆర్‌సీపీలో (స్కోపుతో పాపిల్లా గుండా నాళంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్ష) కొలత ఎప్పుడూ కొంచెం పెద్దదే వస్తుంది. రంగుమందు ఎక్కించిన ఒత్తిడికి నాళం సాగుతుంది, ఎక్స్‌రే కూడా బొమ్మను పెద్దది చేస్తుంది. సరిచేయడానికి స్కోపు గొట్టమే కొలబద్ద: 11.3 మి.మీ. గొట్టం తెర మీద 14గా కనిపిస్తే, 4 మి.మీ.గా కనిపించే నాళం నిజానికి 3.2. అయితే కొలత కోసమని మాత్రమే ఈఆర్‌సీపీ చేయకండి, క్లోమశోథ తెచ్చిపెట్టే పరీక్ష అది. ఆ పనికి ఎంఆర్‌సీపీ (నాళాలను చూపే ఎంఆర్ఐ), ఈయూఎస్ చాలు.

కొలత పెరిగితే అంకె రాసి ఆగకండి. నాళం సాఫీగా సన్నబడుతోందా, ఎక్కడైనా ఠక్కున ఆగిపోయిందా చూడండి. ఆగిన చోట గడ్డ కోసం వెతకండి. పైత్యరస నాళం కూడా ఉబ్బి ఉంటే తల, పాపిల్లా రెండూ తిరిగి చూడాలి. 5–9 మి.మీ. ఉంటే ఐపీఎంఎన్ (నాళంలో జిగురు స్రవించే కణితి) అనుమానంతో దగ్గరగా పరిశీలించాలి. 10 మి.మీ. చేరితే సర్జన్‌కు చూపించాలి.

రిపోర్టులో వాక్యం ఇలా ఉండాలి: "తలలో 2.8, బాడీలో 1.9, తోకలో 1.1 మి.మీ.; గోడలు నునుపు; పక్క నాళాలు ఉబ్బలేదు; లీనియర్ ఈయూఎస్, తల బల్బ్ నుంచి, మిగతావి కడుపు నుంచి కొలిచినవి." ఆరు నెలల తర్వాత ఇంకొకరు కొలిచినప్పుడు దేనితో పోల్చాలో అప్పుడు తెలుస్తుంది.