చిత్రిక పాఠాలు – 3: నంబరు పెద్దదైతే చిత్రిక గొప్పదా?

చిత్రిక పొడవు పెరిగేకొద్దీ చెక్క తిన్నగా వస్తుందని పోయిన పాఠంలో రాశాను. అది చదివి చాలామంది నేరుగా పొడవాటి 7 నంబరు చిత్రిక కొనేశారు. ఇప్పుడు అందరి ఫిర్యాదూ ఒకటే: "తోస్తుంటే పొర మధ్యలో తెగిపోతోంది, బ్లేడులో లోపమా?"

లోపమేమీ లేదు, అది తన పని తాను చేస్తోంది. 7 నంబరు దాదాపు 22 అంగుళాలు ఉంటుంది. చెక్కలో గుంట వస్తే అంత పొడవైన చిత్రిక అడుగుభాగం అందులోకి దిగదు, పైనుంచి దాటేస్తుంది. మిట్టలే తెగుతాయి. అందుకే మొదట తుంపులు తుంపులుగా వస్తుంది, తర్వాత కాస్త పొడుగు పొరలు, చివరికి ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే పొర. కంగారుపడి బ్లేడు ఇంకా కిందికి దించకండి. అదే 4 నంబరైతే తొమ్మిది, తొమ్మిదిన్నర అంగుళాలే. గుంటలోకి దిగి, మళ్లీ పైకెక్కి, మొదటి తోపులోనే పొడవాటి పొర తీసి మురిపిస్తుంది. చెక్క మాత్రం వంకరగానే ఉంటుంది.

నంబరు సైజును చెబుతుంది, నాణ్యతను కాదు. చిత్రికలు రూపొందించిన లియొనార్డ్ బెయిలీ పేటెంట్లను పనిముట్లు చేసే స్టాన్లీ కంపెనీ 1869లో కొన్నప్పటి నుంచి నడుస్తున్న వరస ఇది.

మొదటి చిత్రికగా నా ఓటు 5కే. 14 అంగుళాల పొడవు, 2 అంగుళాల బ్లేడు. అదనంగా ఇంకో బ్లేడు కొని, దాని అంచును కొంచెం విల్లులా వంపు తిప్పి నూరుకుంటే గరుకు పని కూడా దీంతోనే అయిపోతుంది. 3, 6 నంబర్ల గురించి ఇప్పుడు ఆలోచించనే వద్దు. నూరడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి, "తక్కువ కోణం" చిత్రిక. తక్కువ కోణమైతే నునుపు ఎక్కువ అనుకుని కొంటారు. మామూలు చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలులో, అంచులో నూరిన ఏటవాలు ముఖం కిందికి ఉండేలా కూర్చుంటుంది. 25కి నూరినా, 30కి నూరినా చెక్కను కోసే కోణం 45 డిగ్రీలే. తక్కువ కోణం దాంట్లో బ్లేడు సాధారణంగా 12 డిగ్రీల వాలులోనే ఉంటుంది, ఏటవాలు పైకి. కాబట్టి నూరిన కోణం దానికి కలుస్తుంది. 25కి నూరితే 37. అడ్డంగా కోసిన కొసలకు ఇది భేషుగ్గా ఉంటుంది. పీచు ఎదురు తిరిగిన పలక మీద పెడితే మాత్రం పీచు లేచి, చెక్క గుంటలు గుంటలుగా చిట్లుతుంది. అప్పుడు బ్లేడును 33కి నూరితే 45, 38కి నూరితే 50. అంటే తక్కువ కోణం కోసం డబ్బు పోసి, మళ్లీ ఎక్కువ కోణం కోసం నూరుకోవడం! మామూలు చిత్రికలోనే బ్లేడు తిరగేసి పెడితే తక్కువ కోణం వస్తుందా అని కూడా అడుగుతున్నారు. రాదు. 45కి 25 కలిపి 70 అవుతుంది. అది కోయదు, గీకుతుంది.

అభ్యాసం: రెండడుగుల మెత్తటి చెక్క తీసుకోండి. ఒక ముఖమంతా పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, అవన్నీ పోయి, కొస నుంచి కొసకు తెగని పొర వచ్చేదాకా చిత్రిక పట్టండి. రెండో ముఖానికీ అంతే. ఆపైన నాలుగు మూలల్లో మందం కొలవండి. తేడా అర మిల్లీమీటరు దాటితే మళ్లీ మొదటి ముఖం నుంచి.