సొంత కొలతలతో బేస్ గిటార్ చేయించుకోవడం ఎలా?

బేస్ గిటార్‌ను ప్రత్యేకంగా చేయించుకోవాలనుకునేవారు తయారీదారు దగ్గరికి వెళ్లగానే సాధారణంగా మాట్లాడేది రంగు గురించి, ఆ తర్వాత కలప గురించి. ఈ రెండూ చివరన తేల్చుకున్నా పెద్దగా నష్టం లేనివే. స్కేల్ పొడవు (తీగ మోగే పొడవు), తీగల సంఖ్య, నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగం) వెడల్పు, నెక్‌ను బాడీకి కలిపే పద్ధతి, పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) స్థానం మాత్రం వాద్యం తయారయ్యాక మార్చడానికి వీలుపడనివి. పికప్‌లు, లోపలి వైరింగు, తీగలు బిగించే ట్యూనర్లు, నాబ్‌లు అలా కాదు; వాటిని ఏ నాడైనా ఒక స్క్రూడ్రైవర్‌తో, సోల్డరింగ్ ఐరన్‌తో మార్చుకోవచ్చు. అందువల్ల మార్చలేనివాటిని ముందుగా, తీరిగ్గా నిర్ణయించుకుని, మార్చగలిగినవాటిని తయారీదారు సలహాకే వదిలిపెట్టడం మేలు. ఈ వ్యాసమంతా ఆ వరుసలోనే సాగుతుంది. ఇక్కడి ఉదాహరణలు బేస్‌వి అయినా, అంకెలు మార్చుకుంటే ఎలక్ట్రిక్ గిటార్‌కూ ఇదే పద్ధతి సరిపోతుంది.

ముందుగా సంగీతాన్ని, చేతిని చూసుకోండి

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించడానికి నాలుగు జంట తీగలున్న మామూలు వాద్యాన్ని అలాగే వాడుకోలేదు. ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంట తీగలకు బదులు ఒంటి తీగలు పెట్టించి, మంద్రంలోకి వెళ్లడానికి ఐదో తీగను చేర్చుకున్నారు. జంట తీగలను సమానంగా లాగుతూ గమకం పలికించడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలుస్తుంది. అంటే ఆయన చేసిన ప్రతి మార్పుకూ వాయించే సంగీతంలో ఒక కారణం ఉంది. మీరు కోరే ప్రతి అంశానికీ అటువంటి కారణాన్ని ఒక్క వాక్యంలో రాయగలరేమో చూసుకోండి. రాయలేకపోతే ఆ అంశాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

తర్వాత, ఇప్పుడు మీరు వాయిస్తున్న బేస్‌ను కొలవండి. డిజిటల్ కాలిపర్ ఉంటే మంచిది, లేకపోతే ఉక్కు స్కేలు చాలు. నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు, ఒకటో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీ) దగ్గర, పన్నెండో ఫ్రెట్ దగ్గర నెక్ మందం, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గర మొదటి తీగ మధ్య నుంచి చివరి తీగ మధ్య వరకు దూరం, మొత్తం బరువు రాసుకోండి. ప్రతి కొలత పక్కనా అది మీకు నచ్చిందా, ఇబ్బంది పెడుతోందా అన్నది కూడా రాయండి. స్నేహితుల దగ్గరున్న వాద్యాలనూ, దుకాణంలో వాయించి చూసినవాటినీ ఇలాగే కొలిస్తే, “సన్నటి నెక్ కావాలి” అని నోటిమాటగా చెప్పే బదులు “నట్ దగ్గర 38 మి.మీ.” అని చెప్పగలుగుతారు. సన్నం అనే మాట వెడల్పుకా, మందానికా అన్నది తయారీదారు ఊహించుకోవాల్సిన అవసరం అప్పుడు రాదు.

స్కేల్ పొడవు

నట్ నుంచి బ్రిడ్జ్ వరకు తీగ మోగే పొడవును స్కేల్ అంటారు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ స్కేల్ 34 అంగుళాలు, అంటే సుమారు 864 మి.మీ. నేటికీ ఎక్కువ బేస్‌లు ఇదే పొడవులో వస్తున్నాయి. 1966లో ఫెండర్ తెచ్చిన మస్టాంగ్ బేస్ స్కేల్ 30 అంగుళాలు. ఈ నాలుగు అంగుళాల తేడా చేతికి ఎలా తెలుస్తుందో చూడండి: ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ వరకు దూరం 34 అంగుళాల స్కేల్‌లో దాదాపు 130 మి.మీ. ఉంటే, 30 అంగుళాల స్కేల్‌లో 114 మి.మీ. మాత్రమే. చిన్న చేతులవారికి, మణికట్టు నొప్పితో బాధపడేవారికి ఆ తేడా చాలా పెద్దది.

అయితే స్కేల్ తగ్గితే బిగువూ తగ్గుతుంది. అదే తీగను అదే శ్రుతికి బిగించినప్పుడు బిగువు పొడవు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, 34 నుంచి 30కి వస్తే సుమారు 22 శాతం తగ్గుతుంది. 34 నుంచి 35కి వెళితే దాదాపు 6 శాతం పెరుగుతుంది. ఐదు తీగల బేస్‌లో అడుగునుండే బి తీగ సుమారు 31 హెర్ట్జ్‌లో మోగుతుంది. అంత కింది స్వరం వదులుగా, స్పష్టత లేకుండా వినిపించకుండా ఉండాలని చాలామంది తయారీదారులు 35 అంగుళాలను ఎంచుకుంటారు. మందపు తీగకు పొడవైన స్కేల్, సన్నపు తీగకు పొట్టి స్కేల్ ఇస్తూ ఫ్రెట్‌లను విసనకర్రలా ఏటవాలుగా అమర్చే పద్ధతి కూడా ఉంది. అది వింతగా కనిపించినా చేతికి త్వరగానే అలవాటవుతుంది. కానీ దానికి బ్రిడ్జ్, పికప్‌లు కూడా ఏటవాలుగానే కావాలి, తర్వాత విడిభాగాలు దొరకడం కష్టం. బి తీగ మీ వాయింపులో నిజంగా కీలకమైతేనే ఆ దారి పట్టండి.

తీగలు ఎన్ని, ఎంత దూరంలో?

పాటకచేరీ ఆర్కెస్ట్రాల్లో, చర్చి బృందాల్లో వాయించేవారికి గాయకుల శ్రుతిని బట్టి పాట ఒకరోజు ఒక మెట్టులో, మరోరోజు ఇంకో మెట్టులో ఉంటుంది. ఆధారస్వరం అడుగునుండే ‘ఇ’ (E) తీగ కంటే కిందికి పోయినప్పుడు నాలుగు తీగల బేస్‌లో పై స్థాయికి వెళ్లి వాయించక తప్పదు. అటువంటివారికి ఐదో తీగ నిజమైన అవసరం. సొంత బృందంలో స్థిరమైన మెట్టులో వాయించేవారికి మాత్రం ఐదో తీగ బరువునూ, నెక్ వెడల్పునూ, అదుపు చేయాల్సిన అదనపు మోతనూ తెచ్చిపెడుతుంది.

నాలుగు తీగల బేస్‌లలో బ్రిడ్జ్ దగ్గర తీగల మధ్య దూరం సాధారణంగా 19 మి.మీ. ఐదు తీగలకు 16.5 నుంచి 19 మి.మీ. వరకు ఏదైనా పెట్టవచ్చు. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతివారికి 18 లేదా 19 హాయిగా ఉంటుంది. వేళ్లతో వేగంగా తీగలు దాటేవారు 17 చుట్టూ ఇష్టపడతారు. ఈ దూరం, నట్ వెడల్పు రెండూ కలిసి నెక్ ఎంత విశాలమవుతుందో నిర్ణయిస్తాయి కాబట్టి ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని వదిలేయకండి. కొలత మీద అనుమానం ఉంటే ఒక అట్టముక్క మీద నట్, బ్రిడ్జ్ బిందువులను అసలు కొలతలో గుర్తించి, గీతలు గీసి, కుడిచెయ్యి ఆనించి చూడండి. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఒకటిన్నర మిల్లీమీటరు తేడా వేళ్లకు అక్కడే తెలిసిపోతుంది.

ఫ్రెట్‌ల సంఖ్య, పికప్‌ల స్థానం

ఈ రెండింటినీ విడదీసి ఆలోచించడం వల్ల చాలామంది చిక్కుల్లో పడతారు. 34 అంగుళాల స్కేల్‌లో ఇరవయ్యో ఫ్రెట్ బ్రిడ్జ్‌కు 272 మి.మీ. దూరంలో ఉంటుంది, ఇరవైనాలుగో ఫ్రెట్ 216 మి.మీ. దూరంలో. అంటే నాలుగు ఫ్రెట్‌లు పెంచితే ఫ్రెట్‌బోర్డ్ 56 మి.మీ. ముందుకు వస్తుంది. నెక్ వైపు పికప్ ఆ మేరకు బ్రిడ్జ్ వైపు జరగాల్సి రావచ్చు, తీగను వేలితో పైకి లాగి కొట్టేందుకు ఉండే ఖాళీ కూడా తగ్గిపోతుంది. ఆ చివరి నాలుగు ఫ్రెట్‌లను ఏడాదిలో ఎన్ని పాటల్లో వాడారో గుర్తుచేసుకుంటే జవాబు దానంతటదే దొరుకుతుంది.

పికప్ నెక్‌కు దగ్గరైతే నాదం గుండ్రంగా, లోతుగా ఉంటుంది. బ్రిడ్జ్‌కు దగ్గరైతే బిగువుగా, మధ్యస్థాయి ముందుకు వచ్చినట్టుగా ఉంటుంది. ఇక్కడ కొద్ది దూరమే ఎంతో మార్పు తెస్తుంది. 1960లో వచ్చిన ఫెండర్ జాజ్ బేస్‌లో బ్రిడ్జ్ వైపు పికప్‌ను 1970లలో సుమారు 10 మి.మీ. వెనక్కి జరిపితే, ఆ రెండు కాలాల నాదాన్నీ వేర్వేరుగా గుర్తుపట్టి కోరుకునే వాయిద్యకారులు నేటికీ ఉన్నారు. కాబట్టి “జాజ్ బేస్ లాగా” అని ఊరుకోకుండా, మీకు నచ్చిన వాద్యంలో పన్నెండో ఫ్రెట్ నుంచి ఒక్కో పికప్ మధ్య వరకు ఉన్న దూరాన్ని కొలిచి ఇవ్వండి.

పికప్ రకం సంగతికొస్తే, 1957లో ప్రెసిషన్ బేస్‌కు వచ్చిన రెండు ముక్కల పికప్ హమ్‌ను (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే రొదను) తనలో తానే రద్దు చేసుకుంటుంది. జాజ్ బేస్ తరహా సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌ల జంటలో రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచినప్పుడే హమ్ పోతుంది. వైరింగు నాసిగా ఉండి, ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు నిండిన కల్యాణ మండపాల్లో వాయించేవారు హమ్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ సర్క్యూట్ పెట్టించుకునేవారు బ్యాటరీ అయిపోయినా వాయించడానికి పాసివ్ (బ్యాటరీ అక్కర్లేని) స్విచ్, పనిముట్లు లేకుండానే తెరుచుకునే 9 వోల్ట్ బ్యాటరీ పెట్టె అడగాలి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్‌లు లేని) బేస్ కావాలనుకుంటే, మొదటి వాద్యానికి ఫ్రెట్‌ల స్థానాల్లో సన్నటి గీతలు వేయించుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

తూకం, నెక్ అతుకు, కలప

బెల్టు తగిలించుకుని రెండు చేతులూ వదిలేస్తే కొన్ని బేస్‌ల నెక్ నేల వైపు వాలిపోతుంది. అప్పుడు ఎడమచెయ్యి వాయించడంతోపాటు వాద్యాన్ని మోయాల్సి వస్తుంది. బాడీ పైకొమ్ము పన్నెండో ఫ్రెట్ దాకా వచ్చేలా గీయించడం, తేలికపాటి ట్యూనర్లు పెట్టించడం దీనికి మందు. బాడీ మరీ తేలికైతే ఈ జబ్బు పెరుగుతుంది కాబట్టి, బరువు తగ్గించమని అడిగేటప్పుడు తూకం గురించి కూడా అడగండి. మొత్తం 4 కిలోల లోపు ఉంటే మూడు గంటల కచేరీలో భుజానికి ఊరట.

నెక్‌ను మరలతో బిగించే పద్ధతి నాకు ఇష్టం. బాడీ గుండా సాగిపోయే ఒకే నెక్ అందంగా ఉంటుంది, పై ఫ్రెట్‌లకు చెయ్యి సులువుగా అందుతుంది. కానీ అది వంకరపోతే మార్చడానికి వీల్లేదు. విశాఖపట్నం వంటి తీరప్రాంతంలో ఎండాకాలానికీ వానాకాలానికీ గాలి తేమ మారుతూ ఉంటుంది, నెక్ కూడా దానితోపాటు కదులుతుంది. మూడు లేదా ఐదు పొరల నెక్, లోపల కార్బన్ కడ్డీలు, రెండు వైపులా పనిచేసే ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ), దాన్ని నెక్ విప్పకుండా తిప్పగలిగే ఏర్పాటు: ఈ నాలుగింటికి పెట్టే డబ్బు, బాడీ పైన అతికించే ఖరీదైన చారల కలప పొర కంటే ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఎలక్ట్రిక్ వాద్యంలో బాడీ కలప నాదాన్ని ఎంత మారుస్తుందన్నది తెగని వాదం. పికప్, దాని స్థానం, తీగలు తెచ్చే మార్పు ముందు అది చిన్నదేనని నా అభిప్రాయం. ఆల్డర్, మహాగని, మన టేకు, ఏదైనా సరే, బాగా ఎండినదై, బరువు సరిపోతే చాలు. ఫ్రెట్‌బోర్డ్‌కు మన జిట్టేగి, అంటే ఇండియన్ రోజ్‌వుడ్, ప్రపంచమంతటా వాడుతున్నదే. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం కింద నియంత్రణ వచ్చింది. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరులో సడలింపు ఇచ్చారు. విడి చెక్కకు ఆ సడలింపు లేదు కాబట్టి, అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న తయారీదారుకు ఊరి నుంచి చెక్క పంపాలనుకునేవారు ముందు పత్రాల సంగతి చూసుకోవాలి. ఎర్రచందనం మీద మోజుపడేవారికైతే చెప్పేది ఒక్కటే: చట్టబద్ధమైన కాగితాలు లేని ముక్కను ముట్టుకోవద్దు.

చెమట ఎక్కువగా పట్టేవారికి పాలీయురేథేన్ పూత, స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్‌లు అనువైనవి. నూనె పూత చేతికి హాయిగా ఉంటుంది గానీ, అప్పుడప్పుడు మళ్లీ పూయాల్సి వస్తుంది.

కాగితం మీద పెట్టించుకోండి

అడ్వాన్సు ఇచ్చే ముందు అన్ని కొలతలూ మిల్లీమీటర్లలో ఉన్న పట్టికనూ, అసలు సైజులో గీసిన బొమ్మనూ అడిగి తీసుకోండి. ఏ దశ దాటాక మార్పులు కుదరవో, కుదిరినా అదనంగా ఎంత అవుతుందో, వాద్యం ఎప్పటికి అందుతుందో, బరువు అనుకున్నదానికంటే ఎంతవరకు పెరగవచ్చో అందులో రాయించండి. నెక్ ఆకారం చెక్కాక, పూత వేయక ముందు ఒకసారి వెళ్లి పట్టుకుని చూసే అవకాశం ఇవ్వమనండి. ఒక అర మిల్లీమీటరు తీయించుకోవడానికి అదే ఆఖరి సమయం. ప్రత్యేకంగా చేయించుకున్న వాద్యాన్ని తిరిగి అమ్మితే పెట్టిన డబ్బు రావడం అరుదు కనుక, బడ్జెట్ వేసుకునేటప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

వాద్యం చేతికి వచ్చిన రోజున ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా వాయించి ఎక్కడైనా గరగరమంటోందేమో వినండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరమూ, అదే చోట తాకి పలికించిన హార్మోనిక్కూ శ్రుతి చూపే ట్యూనర్ పరికరంలో ఒకే శ్రుతి చూపాలి. తర్వాత వచ్చే మొదటి వానాకాలంలో నెక్‌ను సరిచేయడం తయారీదారు బాధ్యతలో భాగమేనా అన్నది కూడా ఆ రోజే అడిగి తెలుసుకోండి.