శిక్షణ ముగిసిన ఏడాదికి తరగతిలో ఏమి మిగిలింది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో ఒడియా వినే పిల్లలున్నారు. వారికి భాష నేర్పే ఉపాధ్యాయుల శిక్షణ ఎంతకాలం నిలిచిందో లెక్కగట్టేటప్పుడు ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: చివరి రోజు అందరూ ‘చాలా బాగుంది’ అని రాసిచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే మళ్లీ అర్థాలు రాయించడం, జవాబులు బట్టీ పట్టించడమే.

కారణం: కొలిచింది తృప్తిని మాత్రమే. శిక్షణ ఫలితాన్ని అంచనా వేయడానికి అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో వివరించిన నాలుగు మెట్లలో అది మొదటిది. నేర్చుకున్నారా, ఆచరిస్తున్నారా, ఫలితం వచ్చిందా అన్నవి ఎవరూ చూడలేదు.

పరిష్కారం: శిక్షణకు ముందు ఒకసారి, మూడు నెలలకు, ఏడాదికి మళ్లీ అదే పరిశీలన పత్రంతో తరగతి చూడాలి. పిల్లలు సొంత మాటల్లో ఎంతసేపు మాట్లాడారు, ఉపాధ్యాయుడు ఎలాంటి ప్రశ్నలు అడిగారు అన్నవి రాసుకున్నా చాలు. ఒక్క పీరియడ్ చూసి తీర్పు చెప్పవద్దు. ఆ రోజుకు ప్రత్యేకంగా తయారుచేసిన పాఠమే చూపిస్తారు.

సమస్య: కొన్నాళ్లు కొత్త పద్ధతిలో చెప్పి, మళ్లీ పాత దారి పట్టారు.

కారణం: ముందు బడిలో వెతకండి. ఉపాధ్యాయ శిక్షణను అంచనా వేయడానికి అమెరికా విద్యావేత్త థామస్ గస్కీ చెప్పిన అయిదు స్థాయుల్లో మూడోది సంస్థ ఇచ్చే మద్దతు. సిలబస్ అయిందా అని మాత్రమే అడిగే చోట పిల్లలతో కథలు చెప్పించే తీరిక ఎవరికుంటుంది? ప్రధానోపాధ్యాయులనూ శిక్షణలో కూర్చోబెట్టాలి.

సమస్య: పిల్లలు చక్కగా చదువుతున్నారు, ఉపాధ్యాయురాలికి మాత్రం పరిశీలనలో తక్కువ మార్కులు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే.

కారణం: ఆమె కథను ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఒడియాలోకి తీసుకువెళ్తారు. ఒడియా ఒక్కటే తెలిసిన పరిశీలకుడు దాన్ని లోపంగా రాస్తాడు. ఇంటిభాష ఆసరాతో నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది; ఇదే రాష్ట్రంలో సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లలకు ఇంటిభాషతో మొదలయ్యే బహుభాషా విద్య నడుస్తోంది. అంటే శిక్షణ ఫలించిన చోటే విఫలమైనట్లు నమోదవుతోంది.

పరిష్కారం: రెండు భాషలూ వచ్చిన వారిని పంపండి. బొమ్మ చూపించి పిల్లవాణ్ణి రెండు భాషల్లోనూ కథ చెప్పమనండి. తెలుగులో ధారగా చెప్పి ఒడియాలో తడబడితే, అతనికి కావలసింది ఒడియా మాటలు. రెండింటిలోనూ ఆగిపోతే, మాట్లాడే అవకాశమే తక్కువగా దొరికి ఉండవచ్చు.

సమస్య: పిల్లల మార్కులు పెరిగాయి, శిక్షణ వల్లేనా అన్నది తేలడం లేదు.

పరిష్కారం: శిక్షణ ఇంకా అందని బడులతో పోల్చండి. బదిలీ అయిన ఉపాధ్యాయులను జాబితా నుంచి కొట్టేయకుండా, కొత్త బడికి వెళ్లి చూడండి.